ఆనెమ్మ ఊరి వాన

కదిరి,
1958 ఆగస్టు, ఆదివారం.

చిరంజీవి సౌభాగ్యవతి నల్లమ్మకు నీ పెనిమిటి దీవించి రాసేది. ఇక్కడ నేనూ, ముదిగుబ్బలో మీ అమ్మా, పాప కుళ్ళాయమ్మా బాగున్నాం. ఆనవాయితీ గనక రాసిన మాట కాదు, నిజంగానే బాగున్నాం. మదనపల్లె శానిటోరియంలో నీవూ, నీ పక్క మంచం లక్ష్మక్కా కాస్త తేరుకున్నారని తలుస్తాను.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. పాపకు దగ్గు లేదు. రొమ్ము ఎక్స్‌రే ఫోటో కూడా తీయించాను, ఏ మచ్చా లేదన్నారు. నిన్న ముదిగుబ్బకు పోతే గొర్రెపిల్లను చంకనేసుకుని ఎదురొచ్చింది. "నాయనా, అమ్మ వచ్చేతలికి ఇది పెద్దదైపోతాదా?" అని అడిగింది. మీ అమ్మ తిరుపాలమ్మ నన్ను చూడగానే అందుకుంది. "ఏమప్పా, ఇట్ల ఎండిపోయినావు? రోంత వండుకోను చేతులు పడిపోయినాయా?" అని తిడుతూనే సంగటి, ఊరిబిండి పచ్చడి పెట్టింది. తిట్టినంతసేపూ వడ్డిస్తూనే ఉంది. ఆమె రుణం నేను తీర్చుకోలేను. శనక్కాయ ఊడలు దిగే సమయానికి వాన ముఖం చాటేసింది. ఆ సంగతికి నీవు దిగులుపడవద్దు, దిగులుపడటానికి ఇక్కడ ఊరంతా ఉంది.

ఇక మిగిలింది, నేను రాసి పంపే ఆనెమ్మ కథ మీద నీవు వేసిన ప్రశ్న ఒక్కటే. నీ అక్షరాల్లోనే మళ్ళీ రాస్తున్నాను, జారుకోకుండా ఉండటానికి.

"ఏమయ్యా, ఆనెమ్మ ఊర్లో ఏడాది పొడుగునా వాన పడతాదని నువ్వే రాసినావు. బట్టలు ఆరవని, గోడలకు పాచి పడతాదని రాసినావు. మళ్ళ ఆటకాడ వానొస్తే జనమంతా లేచి చప్పట్లు కొట్టినారంటావే! ఆట చెడిపోతే తిట్టుకోవల్ల గాని చప్పట్లేంది? ఇది పుస్తకంలో ఉండాదా, నువ్వు అల్లినావా? వాన అబద్ధమైతే ఆనెమ్మ ఆపరేషనూ అబద్ధమేనా? నిజం రాయి. అది చూసినాకనే డాక్టరమ్మ ఇచ్చిన ఆపరేషను కాగితం మీద సంతకం పెడతా. లేదంటే మూట కట్టుకుని ఇంటికొచ్చేస్తా."

చదివి మొదట నవ్వొచ్చింది. తర్వాత కూర్చుని మళ్ళీ చదివాను. నా బళ్ళో పెద్ద తరగతి పిల్లలు కూడా నన్నింత చక్కగా ఎప్పుడూ పట్టుకోలేదు.

మా బడి నడిపిన దొరసానమ్మ స్వదేశం పోతూ ఇంట్లో సామానంతా పంచిపెట్టిన రోజు నీకు గుర్తుండే ఉంటుంది. మంచాలూ బొచ్చెలూ చిటికెలో పోయాయి. ఒక మూల కొన్ని పుస్తకాలు మిగిలాయి. శెట్టి నాగప్ప పొట్లాలు కట్టుకోవడానికి అడిగాడు. నాకు మనసొప్పక అడ్డం పడ్డాను. "జయరాముడూ, ఇవి మా లాంకషైరు జిల్లా పుస్తకాలు. మా ఊళ్ళవాళ్ళే రాసుకుంటారు, మా ఊళ్ళవాళ్ళే చదువుకుంటారు. నీకెందుకు?" అంది ఆమె. ఎందుకో నాకూ తెలియదు. ఒకటి కాలవల, నూలుమిల్లుల చరిత్ర. ఒకటి ఆ ఊళ్ళ మధ్య శనివారాలు జరిగే క్రికెట్ పందేల ముచ్చట్లు. మూడోది ఆనీ అనే మిల్లు ఆడమనిషి తన బతుకు తానే రాసుకున్నది.

నిన్ను శానిటోరియంలో చేర్చి వచ్చాక ఇంట్లో నాకు ఊపిరాడలేదు. ప్రతి జాబులో ఆ ఆనీ కథ కొంచెం తెలుగు చేసి పంపడం మొదలుపెట్టాను. తెల్లవారకముందే పొడుగాటి కర్రతో కిటికీలు తట్టి కూలీలను లేపే మనిషి, చెక్క అడుగుల చెప్పుల చప్పుడు, మగ్గాల రొదలో మాట వినపడక పెదవుల కదలిక చూసి మాట్లాడుకునే ఆడవాళ్ళు, అవన్నీ పుస్తకంలో ఉన్నవే. ఒక్క అక్షరం కలపలేదు. నీవు వార్డులో చదివి వినిపించడం, అందరూ ఆమెను ఆనెమ్మ అని పిలవడం, ఆమె మొగుడు టామ్ తాగి వచ్చిన రోజు లక్ష్మక్క "వాని కాళ్ళిరగ!" అని తిట్టడం, ఇవన్నీ నీ జాబుల్లో చదివి ఎంత మురిసిపోయానో చెప్పలేను. సగం మంది మీలో రైలు కూడా ఎక్కనివాళ్ళు. సముద్రాల అవతలి మనిషి మంచిచెడ్డలు మీకు పట్టాయి.

ఐదో అధ్యాయంలో ఆనీకి దగ్గు మొదలైంది. నూలు దూది వల్ల అనుకుంటుంది, కాదు. మనకు తెలిసిన దగ్గే. నేను గబగబా చివరి పుటలు తిప్పి చూశాను. చూసి పుస్తకం మూసేశాను.

నల్లమ్మా, ఆనీ బతకలేదు.

అక్కడినుంచి నీకు రాసిందంతా నా కల్పనే. క్రికెట్ పుస్తకంలోంచి ఆట తెచ్చి టామ్ చేతికి బ్యాటు ఇచ్చాను. యాభై పరుగులు కొట్టినవాడి కోసం జనంలో టోపీ తిప్పి చిల్లర పోగుచేస్తారన్నది నిజం, ఆ పుస్తకంలో ఉంది. టామ్ కొట్టాడన్నది అబద్ధం. ఆ భాగం రాసిన రోజు మన ఊరి మీద మబ్బు పట్టింది. బళ్ళో పిల్లలంతా బయటికి ఉరికారు, నేనూ ఉరికాను. నాలుగు చినుకులు కూడా రాల్చకుండా ఎటో పోయింది. ఆ కడుపుమంటతో వచ్చి కూర్చుని, మనకు కురవని వాన ఆనీ ఊర్లో కురిపించాను. కురిసిన తర్వాత జనం చప్పట్లు కొట్టకుండా ఏం చేస్తారని అనుకున్నాను. వాన వస్తే ముఖం మాడ్చుకునే మనిషిని నేను పుట్టి ఎరుగను. దొరసానమ్మ చదివి ఉంటే పొట్ట చెక్కలయ్యేలా నవ్వేది.

నీవు పట్టుకున్నందుకు నాకు కోపం లేదు. అబద్ధం మీద నీ చేత సంతకం పెట్టించి ఉంటే నీ ముఖం ఎలా చూసేవాణ్ణి? ఆ గండం తప్పించినందుకు నీకే దండం పెట్టాలి.

పక్కటెముకలు తీసి, ఊపిరితిత్తిలో గుంట మూసే ఆపరేషన్ ఆనీకి చేశారనీ, ఆమె లేచి తిరిగిందనీ రాశాను కదా. ఆనీ కాలంలో ఆ ఆపరేషన్ ఆ ఊళ్ళో చేసేవాళ్ళు లేరు, నీకిచ్చే సూదిమందు అప్పటికి పుట్టనే లేదు. అయితే ఆ భాగం గాల్లోంచి తెచ్చింది మాత్రం కాదు. మీ వార్డు నర్సు వెంకటలక్ష్మమ్మ దగ్గర విన్నది. పోయినసారి వచ్చినప్పుడు గేటు దగ్గర నిలబడి దిగులుగా ఉంటే పలకరించింది. "అన్నా, నేనూ ఈడికి రోగిగానే వచ్చినా. అదే ఆపరేషను నాకూ చేసినారు. భుజం రోంత వంగింది, అంతే. ఇప్పుడు బకెట్లు మోస్తాండా, చూడలేదా?" అంది. నొప్పి ఎలా ఉంటుందో, మొదటి వారం ఎంత కష్టమో కూడా దాచకుండా చెప్పింది. నీకు చెప్పవచ్చునా అని అప్పుడే అడిగాను, చెప్పమంది. ఆమె పేరు పెట్టి రాసే ధైర్యం లేక ఆనీ పేరు పెట్టాను. వెళ్ళి అడుగు. వీపు మీద మచ్చ చూపిస్తుంది. ఆమెకు నా తరఫున నమస్కారం చెప్పు. డాక్టరమ్మ కూడా నాతో, రెండో ఊపిరితిత్తి శుభ్రంగా ఉంది గనక ధైర్యంగా చేయవచ్చు, ఆలస్యం చేస్తే చేయలేమని చెప్పింది. భయం లేదని ఆమె అనలేదు, నేనూ అనను.

ఎంతమంది మన కోసం ఇంత చేస్తున్నారో తలుచుకుంటే గుండె నిండిపోతుంది. ఆనీకి కూడా నేను రుణపడ్డాను. ఆమె బతికిన బతుకు నిన్ను ఇన్ని నెలలు మంచం మీద నిలిపింది. ఆమె మాత్రం మగ్గం ఎవరు చూస్తారు, పిల్లలకెవరు వండుతారు అని ఆస్పత్రికే పోలేదు. టామ్ కూడా గట్టిగా పొమ్మనలేదు. పోతే ఇల్లు గడవదని ఊరుకున్నాడు.

ఇది నాకెలా తెలుసంటావా? ఆ పుస్తకం చివరి అధ్యాయం ఆమె రాసింది కాదు, టామ్ రాశాడు. ఒకటిన్నర పుట. "ఇక్కడినుంచి నేను రాయాలి, రాసే మనిషి లేదు గనక" అని మొదలవుతుంది.

బుధవారం బస్సుకు వస్తున్నాను. సంతకం నీ ఇష్టం, నీ చెయ్యి పట్టి పెట్టించను. కానీ నల్లమ్మా, టామ్‌కు దక్కిన ఆ రాత పని నాకు పెట్టకు.

ఇట్లు,
కుళ్ళాయమ్మ నాయన