యూరప్ అనని మాట

వాలె ద ఉర్జ్,
అక్టోబరు 14, 2009

నా గౌరవనీయమైన వదిన గ్రసిందకు,

ఫెలిస్మీన నమస్కారం చెప్పి రాయించేది. ఇక్కడ నేను, నా గొర్రెలు, నా నోరు అందరం క్షేమం. కొయింబ్రా పట్నంలో నువ్వూ, నీ కూతురు ఒదెత్, పిల్లలూ క్షేమమని తలుస్తాను. నేను చెబుతుంటే పోస్టాఫీసు అల్బెర్తీన రాస్తోంది. నా మాటలకు చక్కెర అద్దొద్దని దానికి ముందే చెప్పాను. ఒదెత్, దీన్ని మీ అమ్మకు చదివి వినిపించేది నువ్వే కదా. బాప్తిస్మం నాడు నిన్ను చేతుల్లో ఎత్తుకున్నదాన్ని చెబుతున్నాను, ఒక్క మాట కూడా మింగకుండా చదువు.

వదినా, నిరుడు మనం చీజ్ చేసుకునే గదులకు సీలు వేసిన రోజు గుర్తుందా? పాలముద్ద పిండే కొయ్యబల్లలు పనికిరావట, ఉక్కుబల్లలే ఉండాలట, యూరప్ చట్టమట. ఇన్స్పెక్టరు చెప్పాడు, ఊరు నమ్మింది. బస్సు ఆలస్యమైనా, వాన ముఖం చాటేసినా యూరప్‌నే తిట్టే ఊరు కదా మనది! నేనూ నమ్మాను. నువ్వేమో, యూరప్‌తో పోట్లాడతావా ఫెలిస్మీనా, అదేమన్నా సంతలో గొర్రెల బేరగాడా అన్నావు. నిన్ను పిరికిదానా అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకోను. నువ్వు మూట కట్టుకుని కూతురింటికి వెళ్లిపోయావు.

నేను మాత్రం ఊరి ఆడవాళ్లందరినీ పోగేసి మన పార్లమెంటుకు అర్జీ పెట్టించాను. సంతకం రానివాళ్లం వేలిముద్రలు వేశాం. యూరప్ చట్టాల్ని మన దేశంలో ఎలా అమలు చేస్తున్నారో చూసే కమిటీ ఒకటి అక్కడ ఉందట. వాళ్లు రమ్మని కబురు పెట్టారు. నల్ల శాలువా కప్పుకుని, నువ్వు చేసిన ముదురు చీజ్ ఒకటి గుడ్డలో చుట్టుకుని లిస్బన్ బస్సెక్కాను.

గుమ్మంలో కాపలావాడు ఆపి, అదేమిటమ్మా, లోపలికి తీసుకెళ్లకూడదన్నాడు. బాంబు కాదు నాయనా, వాసన చూడు అన్నాను. చూశాడు. ఎక్కడ అమ్ముతారని అడిగాడు. అమ్మనివ్వడం లేదనే కదా ఇంత దూరం వచ్చింది అన్నాను.

లోపల గుండ్రటి బల్ల. కమిటీలో మా అర్జీ చూసేది పార్లమెంటు సభ్యురాలు, డెప్యూటీ ఇల్దా బర్రాదాస్ గారు. పొట్టి మనిషి, మెల్లటి గొంతు. చూడగానే, ఈవిడ వల్ల ఏమవుతుందిలే అనుకున్నాను. దారంతా కూడగట్టుకున్న తిట్లన్నీ యూరప్ మీద గుమ్మరించాను. ఆవిడ అడ్డం రాలేదు. నాకు ఊపిరి ఆడక ఆగాక, అమ్మా, మీరు తిట్టే మనిషి ఆ ఇంట్లోనే ఉన్నాడో లేదో ముందు చూద్దాం అంది.

ఎడమ పక్కన యూరప్ చట్టం పెట్టింది, కుడి పక్కన మనవాళ్ల ఉత్తర్వు. ఒక్కో వాక్యం చదవడం, దానికి జోడీ ఇటుపక్క వెతకడం. వదినా, గొర్రెలు కలిసిపోతే చెవి గుర్తు చూసి మంద విడదీస్తాం చూడు, అలా విడదీసింది! యూరప్ వాళ్లు ఏమన్నారో తెలుసా? తాతముత్తాతల పద్ధతిలో చేసే చీజ్‌కు కొయ్య సామాను వాడుకోవచ్చు, శుభ్రంగా ఉంచితే చాలు, ఆ వెసులుబాటు ఆయా దేశాలే ఇచ్చుకోవచ్చు అన్నారట. ఉక్కు అన్న మాట వాళ్ల కాగితంలోనే లేదు.

ఆ ఉత్తర్వు రాసిన ఆఫీసు మనిషి ఎదురుగానే ఉన్నాడు. ఆ ఆఫీసు పేరు ఇక్కడ రాయించను. ఇప్పుడు తప్పు దిద్దుకున్నారు కదా. ఈ ఉక్కు ఎక్కణ్ణుంచి వచ్చిందండీ అని అడిగింది డెప్యూటీ గారు. యూరప్ షరతు మేడమ్ అన్నాడు. ఎక్కడుందో చూపించండి అంది. అతను పేజీలు తిప్పాడు, మళ్లీ తిప్పాడు, నీళ్లు తాగాడు. ఆవిడ ఊరికే కూర్చుంది. గొంతు పెంచలేదు, వెటకారం చేయలేదు. నేనైతే ఈలోగా అతని టై పట్టుకుని ఊపేసేదాన్ని. చివరికి అతనే, రాసేటప్పుడు ఎందుకైనా మంచిదని మేమే చేర్చాం, తరవాత మళ్లీ ఎవరమూ చూడలేదు అని ఒప్పుకున్నాడు. తిట్టకుండా నిజం కక్కించడం నా జన్మలో అదే మొదటిసారి చూడడం.

గెలిచేశామని లేచి నిలబడ్డాను. కూర్చోండమ్మా, ఇంకా ఉంది అంది. మందకు రోగపరీక్ష చేయించాలన్నది మాత్రం యూరప్ అన్న మాటే, అది తీసేయమని నేను అడగను అంది. మా అవ్వలు పరీక్షలు చేయించారా అని అరిచాను. మీ ఊళ్లో రోగపు గొర్రెల పచ్చిపాల వల్ల జ్వరమొచ్చి మంచం పట్టినవాళ్లు లేరా అమ్మా అని అడిగింది. మీ ఆయన గుర్తొచ్చాడు వదినా. ఎండాకాలంలో దుప్పటి కింద వణుకుతూ, నడుం పట్టుకుని మూలిగిన మనిషి. నా నోరు మూతపడింది. నా నోరు మూయించినవాళ్లు ఈ కొండల్లో ఎవరున్నారో నువ్వే చెప్పు.

కమిటీ నివేదిక రాసింది. పోయిన నెల ఉత్తర్వు మారింది. సీలు వేసిన ఇన్స్పెక్టరే వచ్చి కోశాడు, నీ గదిదీ, నాదీ. తలెత్తకుండా కోస్తుంటే, కాఫీ తాగి వెళ్లవయ్యా, నీ మీద నాకు కోపం లేదు, నీకూ ఎవరూ సరిగ్గా చదివి చెప్పలేదు అన్నాను. కాఫీ తాగాడు. మీరు మారిపోయారమ్మా అన్నాడు. మళ్లీ తిట్టాల్సి వచ్చింది.

మందకు పరీక్ష అయింది, రోగం లేదు. బల్లలు మరిగే నీళ్లతో తోమించి ఎండబెట్టించాను. పాలు విరగడానికి వేసే ముళ్లపువ్వు కోయించి ఆరబెట్టించాను, ఈ ఏడు పాలు బాగా విరుగుతాయి. వచ్చే నెల సకల పునీతుల పండుగ దాటాక పితకడం మొదలు. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

నీ మీద కోపమూ ప్రేమా తగ్గని,
ఫెలిస్మీన
(వేలిముద్ర)

తా.క. అల్బెర్తీన కాగితం మడిచేసింది. విప్పించి రాయిస్తున్నాను. ఒదెత్, ఇది కూడా చదువు.

నా వేళ్లు ముడుచుకోవడం లేదు వదినా. సీలు పడకముందు చలికాలం నుంచే పాలముద్ద పిండలేకపోతున్నాను. నా గదికి సీలు వేసినా వేయకపోయినా నాకు ఒకటే. ఈ సంగతి కమిటీలో చెప్పలేదు, ఊళ్లోనూ చెప్పలేదు. నేను లిస్బన్ వెళ్లింది నీ బల్ల కోసం. పాలముద్ద కరక్కుండా పిండే, మంచులాంటి ఆ చల్లటి చేతులతో నువ్వు పట్నంలో బంగాళాదుంపలు చెక్కుతూ కూర్చున్నావంటే నాకు ముద్ద దిగడం లేదు. నా మంద పాలు నీవి. నేను పక్కన ముక్కాలిపీట వేసుకుని వంకలు పెడతాను. రా.