కొంగ ఎగరని రోజులు

ఫిబ్రవరి 3, సోమవారం. ఉదయం 8.10

ఈ రోజు నుంచి అరవను!

ఎవరి మీదా అరవను. దేనికీ అరవను. ఈ నెల 21 దాకా, అంటే పందొమ్మిది రోజులు. రాసి పెట్టుకుంటే మాట మీద నిలబడతామని మొన్న హోటల్లో జరిగిన 'పని ఒత్తిడి' శిక్షణలో చెప్పారు. (సమోసాలు కూడా బాగున్నాయి.) అందుకే ఈ డైరీ.

కారణం కూడా రాయాలట. కారణం వాండెరా. మా సంస్థ సరస్సు రేవు దారిలో అరవై సౌర దీపాలు పెడుతోంది. ప్రాజెక్టు మేనేజర్ని నేను, డియో లుబ్వామాని. కానీ ఆ దీపాల కంట్రోలు పెట్టె తలుపు తీసి ఏ తీగ ఎక్కడికి పోతుందో చెప్పగలిగినవాడు కంపాలా మొత్తం మీద ఒక్కడే, మా ఇంజినీరు వాండెరా. 21న ముఖ్య అతిథి వచ్చి స్విచ్చి నొక్కాలి. వాండెరా ఏమో రాజీనామా రాసిచ్చాడు.

సిబ్బంది వ్యవహారాలు చూసే లన్యేరో గారు ఆ కాగితం నాకు చూపించారు. మొదటి వాక్యం: 'మేనేజరు గారి అరుపులు భరించలేక...' మిగతాది చదవబోతే లాక్కున్నారు.

"ఆగమని వాణ్ణి బతిమాలుకున్నా సార్. ఇదిగో, సొరుగులో పెడుతున్నా. ఇరవై ఒకటో తారీఖు లోపల మీ అరుపు ఒక్కటి వినపడిందా, ఇది డైరెక్టరు గారి బల్ల మీద ఉంటుంది."

"నేనెప్పుడు అరిచానమ్మా!" అన్నాను.

మా ఆఫీసు రేకుల మీద ఒక కలోలి కొంగ కాపురముంటుంది. చెత్తకుప్పల మీద బతికే బట్టతల పక్షి. మనిషి నడుమెత్తు ఉంటుంది, ఉరిమినా కదలదు. నేను ఆ మాట అనగానే లేచి ఎగిరిపోయింది. లన్యేరో గారు కిటికీలోంచి దాన్ని చూశారు, తర్వాత నన్ను చూశారు.

అది లెక్కలోకి రాదు. అప్పటికి ఒప్పందం మొదలవలేదు.

నా ఆయుధాలు: పిసకడానికి రబ్బరు బంతి. ఒకటి నుంచి పది దాకా అంకెలు. సీసాడు మంచినీళ్ళు. చిరునవ్వు.

ఫిబ్రవరి 4, మంగళవారం

9.15: సిమెంటు రాలేదన్నారు. బంతి పిసికాను.
11.40: వచ్చిందన్నారు. తడిసి వచ్చిందన్నారు. పది లెక్కపెట్టాను. ఇంకో పది కూడా.
3.00: కొంగ రేకుల మీదే ఉంది! పొద్దుట్నుంచీ కదల్లేదు!

ఇంత తేలికని తెలిస్తే పదేళ్ళ క్రితమే మానేసేవాణ్ణి.

కవలలు పుట్టిన రోజు నుంచి మా ఆవిడ ప్రాసీ నన్ను పేరు పెట్టి పిలవడం మానేసింది. సలోంగో అంటుంది, కవలల తండ్రికి ఇచ్చే మర్యాద అది. రాత్రి భోజనాల దగ్గర ఆ మర్యాదతోనే అడిగింది: "సలోంగో, ఆఫీసులో మిగిల్చిన అరుపులన్నీ మూటగట్టి ఇంటికి మోసుకొచ్చావా?"

ఇల్లు ఒప్పందంలో లేదు.

ఫిబ్రవరి 6, గురువారం

బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది!

ఒత్తిడి నాకొక్కడికేనా? ఆఫీసు మొత్తానికీ ఉంది. రోజూ ఒక అరగంట అందరినీ కూర్చోబెట్టి కళ్ళు మూయించి, ఊపిరి పీల్చి వదలమంటే? శిక్షణలో ఇచ్చిన పుస్తకంలో తొమ్మిదో పేజీలో ఉంది. మరి ఎప్పుడు? పొద్దున ఎనిమిదింటికి అందరూ దారిలో ఇరుక్కుని ఉంటారు. మధ్యాహ్నం సైటు. సాయంత్రం వాన. ఎంత వెతికినా ఖాళీ దొరకలేదు.

అప్పుడు తట్టింది. పదిన్నర టీ!

పదిన్నర నుంచి పదకొండు దాకా ఈ ఆఫీసులో పురుగు కూడా పనిచెయ్యదు. వంటగదిలో జాజ్జా నంతోంగో (మా టీ అమ్మమ్మ, సంస్థ కంటే ముందు నుంచీ ఉన్న మనిషి) అల్లం దంచి పాల టీ కాస్తుంది. మండాజీలనే తియ్యటి బోండాలు వేయిస్తుంది, కర్రపెండలం ఉడకబెడుతుంది. అందరూ వెనక వరండాలో చేరి వెధవ కబుర్లు చెప్పుకుంటారు. నేను వెళ్ళను. నా గ్లాసు జాజ్జా నా గదికే తెచ్చిపెడుతుంది. మొత్తానికి రోజూ అరగంట వృథా.

నోటీసు అంటించాను: 'సోమవారం నుంచి పదిన్నరకు టీ ఉండదు. దాని స్థానంలో ప్రశాంతత ఉంటుంది.'

నోటీసు ముందు జనం గుమిగూడారు. ఎవరూ మాట్లాడలేదు. అప్పుడే ప్రశాంతత మొదలైంది!

ఫిబ్రవరి 10, సోమవారం

మొదటి ప్రశాంతత. పద్నాలుగు మంది, చాపల మీద.

"కళ్ళు మూసుకోండి. మీ మనసుకి బాగా ఇష్టమైన చోటు ఊహించుకోండి," అన్నాను పుస్తకం చూస్తూ.

"వంటగది," అన్నాడు లారీ డ్రైవరు బ్యారుహంగా.

"వంటగది కాదయ్యా. చెట్లు, నీళ్ళు..."

"కళ్ళు తెరిచి ఉన్నప్పుడు టీ కనపడలేదు సార్. మూసుకుంటే చక్కగా కనపడుతోంది. ఆవిరి కూడా వస్తోంది."

ఎవరి కడుపో గుడగుడమంది. ఇంకో కడుపు బదులిచ్చింది. గుమ్మం దగ్గర జాజ్జా ఖాళీ చేతులతో నిలబడి ఉంది. "ఎవరైనా పోయారా నాయనా? ఇట్లా కింద కూర్చున్నారు?" అని అడిగింది.

వాండెరా చివరి చాప మీద కళ్ళు తెరుచుకునే కూర్చున్నాడు. నా వంకే చూశాడు. అది కోపం కాదు, మరేదో. బంతి పిసికాను.

ఫిబ్రవరి 11, మంగళవారం

ప్రశాంతతకి వచ్చినవాళ్ళు: తొమ్మిది మంది. ఇద్దరికి కడుపునొప్పి. ముగ్గురు ఊళ్ళో అంత్యక్రియలకు వెళ్ళారు. అంత్యక్రియలంటే సెలవు కాదనలేను కదా! ముగ్గురూ చెప్పింది ఒకే శవం. వాళ్ళలో ఇద్దరు ఆ శవానికి ఏమీ కారు.

ఫిబ్రవరి 12, బుధవారం

వచ్చినవాళ్ళు: నలుగురు. మిగతావాళ్ళు ఏరి?

సామాను కొట్లో దీపాలొచ్చిన అట్టపెట్టెల వెనక అల్లం వాసన. తొంగి చూశాను. ఒక్కో పెట్టె వెనక ఒక్కో ఉద్యోగి, చేతిలో గ్లాసు. బ్యారుహంగా లేచి నిలబడ్డాడు. "స్టాకు లెక్కపెడుతున్నాం సార్," అన్నాడు, నోట్లో మండాజీతో.

అరవలేదు! వాట్సాప్ గ్రూపులో పదకొండు మంటల బొమ్మలు పెట్టానంతే.

వివరణ 1: బొమ్మలకి గొంతుండదు. అది అరుపు కాదు.
వివరణ 2: కారు అద్దాలు ఎక్కించుకుని అరవడం కూడా అరుపు కాదు. (పక్కన బోడా అనే అద్దె బైకు మీదున్నవాడు ఉలిక్కిపడి పడబోయాడు. వాడు మా ఉద్యోగి కాదు.)

కొట్టుకి తాళం వేయించాను. బంతి చిరిగింది.

ఫిబ్రవరి 14, శుక్రవారం

లోపల ఏదో ఉడుకుతోంది. పది లెక్కపెడితే సరిపోవడం లేదు. నిన్న నాలుగు వందల దాకా వెళ్ళాను. ఈలోగా సమావేశం అయిపోయింది.

2.20: ఆఫీసు వెనక నల్ల ప్లాస్టిక్ నీళ్ళ ట్యాంకు ఉంది. నిచ్చెన ఎక్కాను. మూత తీశాను. తల లోపల పెట్టి మనసారా ఒక్క అరుపు అరిచాను. ఆహా!

ట్యాంకు ఖాళీగా ఉంది. నా అరుపు అందులో మూడుసార్లు తిరిగి, లావెక్కి, వంటగది కుళాయిలోంచి బయటికొచ్చింది. జాజ్జా గిన్నె వదిలేసి ప్రార్థన మొదలుపెట్టిందట. కొంగ సరస్సు దాకా పోయింది.

లన్యేరో గారు నిచ్చెన కింద నిలబడి ఉన్నారు.

"సార్, ట్యాంకు అరిచినట్టుంది."

"నీళ్ళు లేవు కదమ్మా. దానికీ ఒత్తిడి ఉంటుంది."

"అందుకే ఈసారికి ట్యాంకు పేరు మీద రాసుకుంటున్నా," అన్నారావిడ. "దానికి రెండో నోరు లేదు. మీకూ రెండో అవకాశం లేదు."

ఫిబ్రవరి 17, సోమవారం

అద్భుతం! ఆఫీసంతా నిశ్శబ్దం. ఎవరూ ఎవరితోనూ మాట్లాడటం లేదు. ప్రశాంతతకి పద్నాలుగు మందీ వచ్చారు, కూర్చున్నారు, లేచి వెళ్ళిపోయారు. నా గదిలోకి ఒక్క కబురు రాలేదు, ఒక్క ఫిర్యాదు రాలేదు. కొంగ కునుకు తీస్తోంది.

ఇంకో నాలుగు రోజులు. గెలిచినట్టే!

ఫిబ్రవరి 19, బుధవారం

ఓడిపోయాను.

10.05: రేవు దారికి వెళ్ళాను. అరవై స్తంభాలు దారికి కుడివైపు వరసగా పడుకోబెట్టి ఉన్నాయి. అరవై గుంతలు ఎడమవైపు తవ్వి ఉన్నాయి.

ఆఫీసుకొచ్చి బ్యారుహంగాని పిలిచాను. నవ్వు ముఖం పెట్టుకునే అడిగాను.

"స్తంభాలు కుడివైపు దింపావేం?"

"మీరిచ్చిన కాగితంలో కుడివైపనే ఉంది సార్."

"గుంతలు ఎడమవైపు తవ్వారని నీకు తెలీదా?"

"మురుగుకాలవ కుడివైపుకి జరిగింది కద సార్, అందుకే అటు తవ్వారు. అందరికీ తెలుసు."

"మరి నాకెందుకు చెప్పలేదయ్యా?"

"ఎప్పుడు చెప్పాలి సార్? టీ లేదు కదా."

"రోజూ తొమ్మిదింటికి సమావేశం పెడుతున్నాగా!"

"అందులో మీరు మాట్లాడతారు కద సార్. మేం మాట్లాడుకునేది టీ దగ్గరే. మీ గ్లాసుతో పాటు ఆ కబుర్లూ జాజ్జా మీ గదికి మోసుకొచ్చేది. ఇప్పుడు గ్లాసూ లేదు, కబురూ లేదు."

ఆ తర్వాత ఏమన్నానో గుర్తులేదు. గట్టిగా అన్నానని మాత్రం తెలుసు. వాండెరా అప్పుడే సైటు నుంచి వచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. హెల్మెట్ తీసి బల్ల మీద బోర్లించి గేటు దాటి వెళ్ళిపోయాడు. లన్యేరో గారి సొరుగు తెరుచుకున్న చప్పుడు నాకు వినపడింది. డైరెక్టరు గారు సోమవారం దాకా నైరోబీలో ఉంటారు. కాగితం ఆయన బల్ల మీద ఉంది, పైన గాజు గోళీ బరువు పెట్టి.

కొంగ లేదు. రేకులు బోసిగా ఉన్నాయి. సిగ్గుగా ఉంది.

ఫిబ్రవరి 20, గురువారం

పొద్దున్నుంచీ వాండెరాకి తొమ్మిదిసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు.

10.30: కాళ్ళు వాటంతటవే వంటగదికి తీసుకెళ్ళాయి. జాజ్జా చల్లారిన పొయ్యి ముందు బీన్స్ ఏరుకుంటోంది.

"జాజ్జా, టీ పెట్టవూ?"

"నోటీసు ఉందిగా సలోంగో."

వెళ్ళి నోటీసు చింపి తెచ్చాను. ఆవిడ దాన్నే పొయ్యిలో వేసి అంటించింది. నేను అల్లం దంచాను. బొటనవేలు కూడా దంచుకున్నాను, అరవలేదు. వాసన వరండా దాటిందో లేదో ఒక్కొక్కరే వచ్చి చేరారు. నాలుగేళ్ళలో మొదటిసారి వాళ్ళ బల్ల మీద కూర్చున్నాను. ఎవరో కొద్దిగా జరిగి చోటిచ్చారు. 

బ్యారుహంగా మండాజీ టీలో ముంచుతూ అన్నాడు: "వాండెరా ఆరింటికే సైటుకి పోయాడు సార్. రేవులో పడవలు లాగేవాళ్ళని పిలుచుకున్నాడు. ఇప్పటికి ముప్పై స్తంభాలు అవతలికి పోయుంటాయి."

"సైట్లో ఉన్నాడా! నా మీద కోపంతో వెళ్ళిపోయాడుగా!"

"కోపం మీ మీద. దీపాల మీద కాదు."

ఇంకా తెలిసినవి, పది నిమిషాల్లో: కంట్రోలు పెట్టెకి రెండు ఫ్యూజులు తక్కువున్నాయి. అవి లారీ సీటు కిందున్నాయి. ముఖ్య అతిథి మూడింటికి రారు, ఆయన ఎప్పుడూ మూడు గంటలు ఆలస్యం. లన్యేరో గారికి వచ్చే నెల పెళ్ళి. ఇవన్నీ నాకు తప్ప అందరికీ తెలుసు.

11.30: ఫ్లాస్కు, కర్రపెండలం, ఫ్యూజులు పట్టుకుని సైటుకి వెళ్ళాను. వాండెరా నిచ్చెన మీద ఉన్నాడు. పనిలో ఉన్న మనిషి కనపడితే ముందు "గ్యెబాలేకో" అని అతని కష్టానికి దండం పెట్టాలి, మా అమ్మ నేర్పింది. నాలుగేళ్ళుగా నేను ముందు "ఇంకా అవలేదా?" అంటున్నాను.

"గ్యెబాలేకో, వాండెరా," అన్నాను.

చాలాసేపటికి కిందికి దిగాడు. గ్లాసు అందుకున్నాడు.

"నా ఉత్తరంలో రెండో వాక్యం చదివారా సార్?"

"లేదయ్యా. లాక్కున్నారు."

"నాలుగేళ్ళలో ఒక్కరోజు కూడా మా పక్కన కూర్చుని టీ తాగలేదని రాశాను. మర్నాడే... కాదు, మూడో రోజుకే మీరు టీ ఆపేశారు. అది చదివే ఆపారనుకున్నా."

 నోరున్నందుకు ఇన్నాళ్ళు వాడాను, అవసరమైనప్పుడు పనిచెయ్యలేదు. "తప్పయింది," అన్నాను చివరికి. చాలా చిన్నగా వచ్చింది.

"వినపళ్ళేదు సార్," అన్నాడు.

"తప్పయింది!"

పడవలవాళ్ళు స్తంభం దింపేసి మరీ చూశారు. వాండెరా రెండో గ్లాసుకి చెయ్యి చాపాడు.

ఫిబ్రవరి 21, శుక్రవారం

ముఖ్య అతిథి ఆరున్నరకి వచ్చారు. అప్పటికి చీకటి పడుతోంది కాబట్టి అదే మంచిదయింది. స్విచ్చి నొక్కారు. యాభై తొమ్మిది దీపాలు వెలిగాయి. వెలగని అరవయ్యోది సరిగ్గా ఆయన తల మీదదే. నా చేతిలో బంతి లేదు. వాండెరా నడుచుకుంటూ వెళ్ళి స్తంభాన్ని ఒక్క తన్ను తన్నాడు. వెలిగింది. అందరూ చప్పట్లు.

ఫిబ్రవరి 24, సోమవారం. ఉదయం 8.10

ఈ రోజు నుంచి అరవను!

డైరెక్టరు గారు వచ్చేలోపే వాండెరా ఆయన బల్ల మీది కాగితం తీసుకున్నాడు. చింపేస్తాడనుకున్నాను. తెచ్చి లన్యేరో గారి సొరుగులోనే పెట్టాడు. "ఉండనివ్వండి సార్, ఇంకో పందొమ్మిది రోజులు, మార్చి పద్నాలుగు దాకా. మీకూ జ్ఞాపకముంటుంది," అన్నాడు. కొత్త బంతి కూడా కొనిచ్చాడు.

కొంగ తిరిగొచ్చింది.

10.30: టీ. బల్ల మీద నా చోటు నాకుంది.

10.41: ఒక విషయం జరిగింది. కొంగ రేకుల మీంచి వరండాలోకి దిగి, నా చేతిలోని మండాజీ ఎత్తుకుపోయింది. అరిచాను. ట్యాంకు కూడా మోగింది. కొంగ మాత్రం ఎగరలేదు. నా మండాజీ మింగుతూ నా ముఖంలోకే చూసింది.

అందరూ వాండెరా వైపు తిరిగారు. అతను తాపీగా గ్లాసు ఖాళీ చేశాడు. "పక్షి మీద అరిస్తే సొరుగు తెరవక్కర్లేదు," అని తీర్పు చెప్పాడు. "కానీ మొదటి రోజు కింద మాత్రం రాసుకోకండి సార్."

సరే. మొదటి రోజు రేపు.

రేపటి నుంచి అరవను. జాజ్జాకి రెండు మండాజీలు చెప్పాను, ఒకటి నాకు, ఒకటి కొంగకి.