దోమ లేని చరుపు

నాయన కలూకు,

పా-ఆన్ నుంచి అమ్మ ఆశీస్సులు. ఇక్కడ క్షేమమని రాద్దామనే కూర్చున్నాను గాని, చెయ్యి ఒప్పుకోవడం లేదు.

నాన్న నిన్ను తలుస్తున్నాడా అని అడిగావు. లేదు నాయనా. నీ పేరు పోయింది, ఏడాదిగా నా పేరూ పోయింది. అన్నం ముందు పెట్టినా తినాలని తెలియదు. గుడ్డపీలిక కనబడితే మాత్రం, లెత్వే ముష్టియుద్ధాల బరిలోకి దిగే రోజుల్లోలా పిడికిళ్లకు చుట్టుకుంటాడు. యాంగోన్ డాక్టరమ్మ తలమీద ఏదో పరికరం ఆనించింది. అది టక్కుమన్నప్పుడల్లా ఆయన బొటనవేలు ఎగిరిపడింది. మెదడులో చేతుల్ని ఆడించే చోటు ఇంకా అంతగా చెడలేదట. పైగా మామూలుకన్నా తొందరగా ఉలిక్కిపడుతోందట.

సెలవులకు నా మనవరాలు డేబూను పంపుతానన్నావు. పంపకు. మెట్లమీద పడి నా పళ్లు ఊడాయని కిందటిసారి రాశాను, అది అబద్ధం. ముడిచిన నా ఎడమచేతిమీద దోమ వాలితే చరిచాను. బరిలో సవాలు చప్పుడు అదే కదా, చిన్నప్పుడు నువ్వూ వంటింట్లో అలా చరిచి నాచేత తన్నులు తిన్నావు. మీ నాన్న లేచాడు. ఆయన మోచెయ్యి నా దవడ పగలగొట్టింది. విడిపించడానికొచ్చిన పక్కింటి టామూను తలతో కుమ్మితే ముక్కు చితికింది, మోకాలితో పొడిస్తే పక్కటెముక విరిగింది. గోడంతా నెత్తురే. "ముసలోడు కాదు పిన్నీ, దున్నపోతు," అని టామూ మూలుగుతూనే నవ్వాడు.

నేను లేవలేదు. అప్పుడు మీ నాన్న, దెబ్బతిని పడిన తన శిష్యులను లేపినట్టే, నా ముఖాన నీళ్లు కొట్టి, చెవులు లాగి, తల ఒళ్లోకి తీసుకున్నాడు.

"లే, మూ పో. ఇంకా అయిపోలేదు. నేనున్నాగా," అన్నాడు.

నా పేరు పెట్టి పిలిచాడు, కలూ.

ఇది చదివితే ఆయన చేతులు కట్టేయమంటావు. టామూ తాడు కూడా తెచ్చిచ్చాడు. ఇక దాచలేను. నిన్న నా దవడ మళ్లీ పగిలింది. నిన్న దోమ లేదు. ఆయన ఎదురుగా నిలబడి, చెయ్యి ముడిచి, నేనే చరిచాను. పడ్డాక మళ్లీ పిలిచాడు. ఆ పిలుపు కోసం ఈసారి ప్రాణం పోయినా సరేననిపిస్తోంది, అందుకే భయమేసి రాస్తున్నాను.

పిల్లను తేకుండా నువ్వొక్కడివే వెంటనే రా. తాడు తలుపు వెనక ఉంది. కట్టవలసింది ఆయన చేతులు కాదు.

ఇట్లు,
నీ తల్లి,
మూ పో