గీత లేని రికార్డు

అక్కయ్యా, నేను కులాసా, దగ్గు తగ్గింది, కంగారు పడకు.

పోయినసారి వచ్చినప్పుడు నేను చూసుకోకుండా మీద కూర్చుని విరగ్గొట్టిన నాన్న రికార్డులాంటిదే ఇక్కడ పాత సామాన్ల కొట్లో దొరికింది. అదే, మాటల్లేకుండా బాకాలూ గిలక్కాయలూ మోగే లాటిన్ సంగీతం. అట్ట మీద ఎర్రగౌను మనిషి కూడా ఉంది. మా కళ్ళద్దాల షాపు ఓనరు ఇంట్లో పెట్టి విన్నాను. మూడో పాటలో బాకా పైకి లేవగానే మనది గీత దగ్గర టక్కున గెంతేది కదా, ఇది గెంతలేదు! ఆ గెంతే చోట పియానో వచ్చింది. బుద్ధెరిగాక ఎన్నడూ వినలేదు దాన్ని. నేను తెల్లమొహం వేశాను.

"గీతలేని రికార్డు దొరికితే ఏడుపుమొహం పెడతావేంటయ్యా?" అన్నాడు ఓనరు.

నాన్న ఇప్పటికీ గడ్డం గీసుకుంటూ ఆ పాటను గెంతుతో సహా కూనిరాగం తీస్తున్నాడని నువ్వే రాశావు. నాకూ అలాగే వచ్చు. ఇది విని "మనది కాదురా" అంటేనో?

వంటింటి కుళాయి బాగుచేయించారా? నా నీలం స్వెట్టరు మీ బీరువాలో ఉందేమో చూడు. బావగారి మోకాలు ఎలా ఉంది? ఆయనకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

నాన్నతో ఇంకా అనకు. రికార్డు ఒళ్ళో పెట్టుకుని, గుండుసూది చేత్తో పట్టుకుని కూర్చున్నాను. ఇలాగే పంపనా, ఒక గీత పెట్టి పంపనా?

నీ తమ్ముడు