మన వీధిమెట్ల మీద అర్జీ

నాన్నా, అన్నం వండి మూతపెట్టాను. పదకొండింటికి పంచాయతీ నుంచి సర్వేయర్ వచ్చి మన వీధిమెట్లు కొలుస్తాడు. సైకిలు పక్కకు తీసి పెట్టు. ఆయనతో గొడవ పెట్టుకోకు, ఆయన తప్పేమీ లేదు.

మన మెట్లు సందులోకి రెండడుగులు వచ్చాయని ఎదురింటి దర్జీ వాళ్ల నాయనమ్మ ఎండాకాలంలోనే అర్జీ ఇచ్చింది. పంచాయతీ ఆఫీసులో నా బల్ల దగ్గర తీసుకున్నది నేనే. "మీ ఇంటి మీదే ఇస్తున్నా, ఏమనుకోకు తల్లీ" అని నవ్వింది. మన ఇల్లు కదా అని ఆ కాగితాన్ని కట్ట అడుగున పెట్టేశాను. ప్రతి సోమవారం వచ్చి, "నా కాగితం ఎంతదాకా వచ్చింది?" అని అడిగేది. "చూస్తున్నారు అవ్వా" అనేదాన్ని.

పోయిన నెల ఆమెకు గుండెనొప్పి వచ్చినప్పుడు స్ట్రెచర్ మన మెట్ల దగ్గరే ఇరుక్కుంది. నువ్వూ ఒక చెయ్యి వేశావు. ఆస్పత్రికి చేరేలోపే ఆమె పోయింది. ఇప్పటికీ సోమవారం పనిలో ఉంటే ఆ ప్రశ్న చెవిలో పడుతుంది. ఆమె కూర్చోడానికి కుర్చీ లాగి తలెత్తుతాను. ఎవరూ ఉండరు.

సాయంత్రం తొందరగా వస్తాను. కోపం ఉంటే నా మీదే చూపించు.

ఇంకొకటి. అర్జీ పెట్టినవాళ్లు చనిపోతే ఆ కాగితం మూసేస్తారు. అందుకని కొత్తది రాశాను. సర్వేయర్ చేతిలోని అర్జీ మీద సంతకం నాది.