ఘాట్ మీద చూసిన చెయ్యి

నవంబర్ 3, సోమవారం
లిస్టు వచ్చింది. ఘాట్ రోడ్డు ఎక్కే పోటీకి మా సూర్యాపేట సైకిల్ క్లబ్బు నుంచి ఆడవాళ్లం ఇద్దరం. నేను, సునీత. ఆమెది కోదాడ, అక్కడి స్కూల్లో పీఈటీ. క్లబ్బులోకి తీసుకొచ్చిందే నేను. రెండేళ్లు నా వెనక, గాలి చాటున తొక్కింది. పోయిన నెల మీటింగులో అందరి ముందూ అంది: "రోడ్డు చదునుగా ఉంటే విజయక్క బాగానే తొక్కుద్దండీ. ఎత్తు మాత్రం ఆమె వల్ల కాదు." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. సిగ్గు లేకుండా.

నవంబర్ 5
పొద్దున్నే ఫ్లైఓవర్ మీద పన్నెండు సార్లు. ఈ ఊళ్లో ఎత్తంటే అదొక్కటే. ఒక లారీ డ్రైవరు తల బయటపెట్టి — "ఏమన్న పారేసుకున్నవా మేడమ్? గీడగీడనే తిరుగుతున్నవ్." సమాధానం చెప్పడానికి ఊపిరి లేదు. ఉంటే తిట్టేదాన్ని.

నవంబర్ 9, ఆదివారం
మిర్యాలగూడ దాకా వెళ్లి వచ్చాను. ఒక్కదాన్నే. మిల్లుల దగ్గర ఊక బూడిద కళ్లనిండా. ధాన్యం ట్రాక్టర్లు అంగుళం జరగవు. సునీతకైతే భర్త బైకు మీద వెంట వస్తాడు.
మా ఆయన మంచం మీంచి లేవకుండానే — "నలభై ఏండ్లకు గీ పిచ్చేందే? ఎవలన్న మెడల్ తోని బువ్వ తింటరా?"
కూరలో ఉప్పు ఎక్కువేశాను. కావాలనే.

నవంబర్ 14
సునీత ఫోన్. "అక్కా, కార్లో చోటుంది. నీ సైకిలు కూడా పడుద్ది. మాతో వచ్చెయ్."
"వద్దు. బస్సుల వస్త."
"మరి సైకిలు ఎట్టా?"
"ఎట్లనో గట్ల."
పెట్టేశాను. జాలి పడుతోంది నా మీద! తిట్టినా ఇంత మండేది కాదు.

నవంబర్ 16
మోకాలు వాచింది. ఐసు. తొక్కలేదు.

నవంబర్ 22, శనివారం
మా ఆయన ఆటో ట్రాలీ మాట్లాడాడు. నాతో మాత్రం మాట్లాడలేదు. హాలియా దాటేదాకా ఇద్దరం చెరోవైపు చూస్తూ... సాగర్లో లాడ్జి. గోడ మీద బల్లి. రేపు పొద్దున్న ఆరింటికి.

నవంబర్ 23, ఆదివారం
వరసగా రాయాలి.
నిమిషానికి ఒకరిని వదిలారు. పదకొండు కిలోమీటర్లు, గంట లోపల. బయటివాళ్లు నీళ్లు ఇవ్వొచ్చు, మీద పోయొచ్చు. వెనక నుంచి తోస్తే మాత్రం పేరు కొట్టేస్తారు. సునీత నాకంటే ఒక నిమిషం ముందు.
మూడో కిలోమీటరుకే నోరు ఎండిపోయింది. అయిదు దగ్గర ఒకాయన దిగి నడుస్తున్నాడు. నేను దిగలేదు. ప్రతి తొక్కుడుకీ ఆమె మాటే — ఆమె వల్ల కాదు, ఆమె వల్ల కాదు...
ఎనిమిదో కిలోమీటరు. తల ఎత్తితే పై మలుపులో సునీత. పక్కనే భర్త, ఎవరిదో బైకు మీద. అతని చెయ్యి ఆమె వీపు మీద. ఒక్క క్షణం. చెట్టు అడ్డం వచ్చింది.
దొరికావే!
తర్వాతి మూడు కిలోమీటర్లు ఎలా ఎక్కానో తెలీదు. యాభై ఎనిమిది నిమిషాలు. ఆమెకు యాభై ఏడు. ఆడవాళ్లలో ఆమె మూడో స్థానం, నేను నాలుగు.
సైకిలు కింద పడేసి నేరుగా రిఫరీ దగ్గరికి. "నలభై ఒకటో నంబరు. బైకు మీదాయన నూకిండు. నేను సూసిన."
"ఖాయమేనా మేడమ్?"
"ఖాయం."
ఆమె పేరు కొట్టేశారు. మెడల్ నా మెడలో. సునీత భర్త అరుస్తున్నాడు: "నీళ్లు పోశానండీ, వీపు మీద! తొయ్యలేదండీ!" సునీత కారు డోరు పట్టుకుని నన్నే చూస్తూ నిలబడింది.
నేను చూపు తిప్పుకోలేదు.

నవంబర్ 24
డ్యూటీ. దవాఖాన ల్యాబు ముందు లైను. రక్తం తీస్తుంటే మోకాళ్లు వంగవు. ఇంటికొచ్చేసరికి మెడల్ టీవీ పైన వేలాడుతోంది, మా ఆయన పక్కింటాయనకు చూపిస్తున్నాడు: "మా ఇంటామెది. మూడో నంబర్. ఘాట్ ఎక్కుడంటే మజాకా!" పద్దెనిమిదేళ్ల కాపురంలో నా గురించి అలా మాట్లాడగా వినడం ఇదే మొదటిసారి.

నవంబర్ 26
పోటీ పెట్టినవాళ్ల ఫోన్. సునీత అప్పీలు చేసిందట. "రెండు లైన్లు రాసి, సంతకం పెట్టి పంపుండ్రి మేడమ్. శుక్రవారం సాయంత్రం లోపల. మీరు సూసినట్టు రాస్తే ఇగ ఖతం."

నవంబర్ 27
"తోయడం చూశాను" అని రాశాను. కొట్టేశాను. "వీపు మీద చెయ్యి చూశాను" అని రాశాను. ఇది నిజం. కానీ దీనికి ఎవరి పేరూ కొట్టెయ్యరు.
తోస్తే సైకిలు ముందుకు దూకాలి కదా. దూకిందా? గుర్తులేదు. జెర్సీ తడిసి ఉందా? ఆ దూరం నుంచి ఏం కనబడుతుంది! గుర్తున్నది నా సంతోషం ఒక్కటే. ముందు సంతోషం వచ్చింది. చూడటం ఆ తర్వాత.
అయినా ఆమెకు ఇదీ తక్కువే. ఆ మీటింగులో నవ్వులు...
సాయంత్రం ఫోన్ చేసింది. "అక్కా, రేపు స్కూలు నుంచి ముందే బయల్దేరి మీ ఇంటికొస్తున్నా. ఎవరికో రాయడం కాదు. నా మొహం మీద చెప్పు."
"రా."
"ఆ రోజు మీటింగులో అట్టా అన్నందుకు కూడా నాకు..."
మిగతాది వినలేదు. పెట్టేశాను. ఇప్పుడు క్షమాపణ దేనికి? నా పని ఇంకా కష్టం చేయడానికి కాకపోతే.

నవంబర్ 28, శుక్రవారం
సెలవు పెట్టాను. మూడున్నర. కాగితం కింద సంతకం పెట్టేశాను. పైన ఇంకా ఒక్క అక్షరం లేదు.
మా ఆయన ఇందాకే బజారు నుంచి మేకు తెచ్చాడు, మెడల్ కోసం. గోడకు కొడుతున్నాడు.
గేటు చప్పుడు. "అక్కా" అంటోంది.
ఆయన సుత్తి ఆపి — "ఎవలే?"