గోడకు ఏ రంగు

ఏమండీ,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. వర్తూరు చెరువు పక్కన రాబోయే హోటల్ నమూనా చూపించి, నిన్న మన కాలనీవాళ్ళ అభిప్రాయం అడిగారు. మీరు పదేళ్ళు అర్జీలు రాసి నిలబెట్టిన చెరువు దారికి అడ్డంగా అందులో గోడ ఉంది.

"దారి యాడుండాదప్పా?" అన్నాను.

"అది ముందే తీర్మానమైందమ్మా. గోడకు రంగు మాత్రం మీరే చెప్పల్ల," అన్నాడు హోటల్ మనిషి.

ప్రజాస్వామ్యం రంగు డబ్బా దాకా వచ్చిందన్నమాట.

మీ అర్జీలన్నిటి మీదా సంతకం పెట్టిన పక్కింటి వెంకటప్ప, "నీలం వేయండి," అన్నాడు.

"నీలం రెండు వానలకే వెలిసిపోతాదప్పా, లేత పసుపు వేయమను!" అని అరిచాను. అందరూ చప్పట్లు కొట్టారు.

ఇవాళ నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. గోడకు సమ్మతించినవాళ్ళ జాబితాలో మొదటి పేరు నాది.